చదివేవారి తలలో ఎంత చోటుంది?

మాటలన్నీ తెలిసినవే, అయినా నోటీసు అర్థం కాదు. ఎందుకు? కంటి కదలికల్ని, జ్ఞాపకశక్తిని కొలిచే శాస్త్రం రాసేవాళ్లకు చెబుతున్న సంగతులివి.

ఈ వాక్యం ఒకసారి చదవండి.

"పైన ఉదహరించిన సూచికలోని ఉత్తర్వుల మేరకు, గతంలో దరఖాస్తు చేసుకొని వివిధ కారణాల చేత తిరస్కరణకు గురైన వారిలో అర్హత కలిగి ఉండి సంబంధిత ధ్రువీకరణ పత్రాలను నిర్ణీత గడువులోగా సమర్పించిన వారి దరఖాస్తులు మినహా మిగిలినవి పునఃపరిశీలన నిమిత్తం స్వీకరించబడవని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఇది ఏ ఒక్క కార్యాలయమో రాసింది కాదు. ఆఫీసు గోడలకు అంటించే కాగితాల ధోరణి పట్టుకుని నేను అల్లింది. అయినా ఎక్కడో చదివినట్టే ఉంది కదా! ఇందులో పదో తరగతి చదివిన మనిషికి తెలియని మాట దాదాపు లేదు. దరఖాస్తు తెలుసు, తిరస్కరణ తెలుసు, గడువు తెలుసు, మినహా తెలుసు. ఇన్ని తెలిసినా, దరఖాస్తు వెనక్కొచ్చిన మనిషి దీన్ని రెండుసార్లు చదివి పక్కనున్నవాణ్ని అడుగుతాడు: "ఇంతకీ నాది మళ్లీ చూస్తారా, చూడరా?"

ఇలాంటి రాతల్ని తప్పుపట్టేవాళ్లు సాధారణంగా ఒకటే మందు చెబుతారు. సంస్కృతం తగ్గించండి, వాడుక మాటలు రాయండి అని. మంచి మందే, కానీ ఈ రోగానికి చాలదు. పై వాక్యంలో 'పునఃపరిశీలన నిమిత్తం' తీసేసి 'మళ్లీ చూడటానికి' అని పెట్టండి. 'ఇందుమూలముగా' కొట్టేయండి. అప్పటికీ అర్థం కాదు. అడ్డం పడుతున్నది వేరే ఏదో ఉంది. దాన్ని పట్టుకోవడానికి నిఘంటువు కంటే కాగ్నిటివ్ సైన్స్ ఎక్కువ పనికొస్తుంది. మనసు సమాచారాన్ని ఎలా అందుకుంటుంది, ఎంతసేపు పట్టి ఉంచుతుంది, ఎక్కడ జారవిడుస్తుంది అన్నది ప్రయోగాలు చేసి తేల్చే శాస్త్రం అది. మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ ఒకదాని గుమ్మంలోకి ఒకటి తొంగిచూడటం మొదలుపెట్టిన 1950ల్లో పుట్టింది.

చదువుతున్నప్పుడు మన చూపు అక్షరాల మీద సాఫీగా జారిపోతుందనుకుంటాం. నిజానికి అది గంతులేస్తుంది. ఒకచోట పావు సెకను అటూఇటూగా ఆగుతుంది, ముందుకు దూకుతుంది, మళ్లీ ఆగుతుంది. ఈ గంతుల్ని దశాబ్దాల పాటు కొలిచిన మనస్తత్వవేత్త కీత్ రేనర్. ఇంగ్లిషు బాగా చదవగలిగినవారి గంతుల్లో కూడా నూటికి 10 నుంచి 15 దాకా వెనక్కి వేసేవేనని ఆయన పరిశోధనలు చూపించాయి. వాక్యం కష్టమైనకొద్దీ ఈ వెనక్కి గెంతడం పెరుగుతుంది. రాసినవాడికి ఎప్పటికీ కనిపించని చాకిరీ ఇది. వేల మంది చదివే నోటీసులో ఒక్క మెలిక వేస్తే వేల జతల కళ్లు అక్కడ వెనక్కి తిరుగుతాయి.

ఏడు కాదు, నాలుగే

1956లో జార్జ్ మిల్లర్ రాసిన వ్యాసం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. విన్నదాన్ని వెంటనే తిరిగి చెప్పమంటే మనిషి దాదాపు ఏడు అంశాల్ని, రెండు ఎక్కువో రెండు తక్కువో, పట్టుకోగలడని ఆయన అన్నారు. ఆ ఏడు తర్వాత పెద్ద పురాణమైపోయింది. స్లయిడ్‌లో ఏడు లైన్లు, మెనూలో ఏడు ఐటమ్‌లు అంటూ మేనేజ్‌మెంట్ గురువులు దాన్ని ఎక్కడెక్కడికో లాక్కెళ్లారు. 2001లో నెల్సన్ కోవన్ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ తిరగేసి, మనసులో వల్లె వేసుకునే వీలు లేకుండా చేస్తే ఆ సంఖ్య నాలుగు దగ్గర ఆగుతుందని వాదించారు. ఇవాళ ఎక్కువమంది ఒప్పుకునేది ఈ నాలుగునే.

మిల్లర్ వ్యాసంలో అంకె కంటే విలువైనది ఇంకోటి ఉంది. మనం పట్టుకునేది అక్షరాల్నో మాటల్నో కాదు, ముక్కల్ని. ఏది ఒక ముక్క అన్నది చదివేవాడికి అంతకుముందు తెలిసినదాన్ని బట్టి ఉంటుంది. ఎన్.టి.ఆర్. అనే మూడు అక్షరాలు మనకు ఒకే ముక్క. తెలుగు సినిమా పేరే వినని మనిషికి అవి మూడు. ఆంధ్రలో తహసీల్దారు కార్యాలయంలో పనిచేసేవారికి 'అడంగల్' అనే పొలం రికార్డు ఒక ముక్క. దాన్నే పహాణీ అనే తెలంగాణ నుంచి వచ్చినవాడు అక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఊళ్లో తాత పొలం కాగితాలు సరిచేయించుకోవడానికి డల్లాస్ నుంచి దిగిన కుర్రాడికైతే అడంగలూ తెలియదు, పహాణీ తెలియదు. ఒకే కాగితం ముగ్గురి తలల్లో మూడు రకాల చోటు ఆక్రమిస్తుంది.

ఇప్పుడు వాక్యం సంగతి. చదివేవాడు వాక్యంలో ఒక పేరు చూడగానే, 'ఈయన ఏం చేశాడు' అన్న ప్రశ్నను తెరిచి ఉంచుకుంటాడు. క్రియ వచ్చేదాకా అది మూతపడదు. ఈలోగా మరో పేరు వస్తే మరో ప్రశ్న తెరుచుకుంటుంది. రెండు చేతుల నిండా సామాను పట్టుకుని గుమ్మం ముందు తాళంచెవి కోసం తడుముకునే మనిషి పరిస్థితి అది.

మూడు పేర్లు, మూడు క్రియలు

ఈ రెండు వాక్యాలూ చూడండి. రెండింట్లోనూ అవే ఏడు మాటలు.

మంత్రి అధికారులు రైతులు అడిగిన విత్తనాలు ఇవ్వలేదని ఒప్పుకున్నారు.

రైతులు అడిగిన విత్తనాలు అధికారులు ఇవ్వలేదని మంత్రి ఒప్పుకున్నారు.

మొదటిది తప్పు కాదు. వ్యాకరణం దాన్ని పాస్ చేస్తుంది. కానీ మంత్రి, అధికారులు, రైతులు అని ముగ్గురు వరసగా వచ్చి నిలబడ్డారు. వాళ్ల పనులేమో ఇంకా రాలేదు. తర్వాత అడగడం, ఇవ్వకపోవడం, ఒప్పుకోవడం వరస తిరగబడి వస్తాయి. చివరొచ్చిన పేరుకు మొదటి పని, మొదటొచ్చిన పేరుకు చివరి పని. రెండో వాక్యంలో ఎవరి పని వాళ్ల పక్కనే ఉంది. రైతులు అడిగారు, అధికారులు ఇవ్వలేదు, మంత్రి ఒప్పుకున్నారు. ఎక్కడా రెండో పేరును మోస్తూ మూడో పేరు కోసం ఆగే పని లేదు.

ఎం.ఐ.టి.లో భాషను అధ్యయనం చేసే ఎడ్వర్డ్ గిబ్సన్ 1998లో ఈ కష్టానికి ఒక లెక్క కట్టారు. సంబంధం ఉన్న రెండు మాటల మధ్య దూరం పెరిగేకొద్దీ చదివేవాడి మీద బరువు పెరుగుతుంది. ఒక వాక్యం నడుమ ఇంకోటి, దాని నడుమ మరోటి ఇరికించే కట్టడం అన్నిటికంటే బరువైనది. 2015లో ఆయన బృందం 37 భాషల వాక్యాలను కంప్యూటర్‌తో కొలిచింది. మాటల్ని ఊరికే కలిపి పేరిస్తే వచ్చే దూరం కంటే, మనుషులు రాసిన వాక్యాల్లో దూరం అన్ని భాషల్లోనూ తక్కువే ఉంది. ఎవరూ నేర్పకపోయినా మనుషులు సంబంధం ఉన్న మాటల్ని దగ్గరికి లాక్కుంటారన్నమాట.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. క్రియ చివర వచ్చే భాష కాబట్టి తెలుగు చదవడమే కష్టమని, ఇంగ్లిషు సూటి భాష అని అనేవాళ్లు కనిపిస్తుంటారు. క్రియ చివర రావడం దానంతటది లోపం కాదు. జర్మన్‌లో లార్స్ కోనియెష్నీ, హిందీలో శ్రవణ్ వశిష్ఠ్, రిచర్డ్ లూయిస్ చేసిన ప్రయోగాల్లో, క్రియకు ముందు కొన్ని మాటలు ఎక్కువైనప్పుడు పాఠకులు క్రియ దగ్గర మరింత వేగంగా చదివిన సందర్భాలు బయటపడ్డాయి. ముందొచ్చిన మాటలు రాబోయే క్రియను ఊహించడానికి సాయపడ్డాయి. మన '-ని, -కి, -తో, -నుంచి' చేసే పని కూడా ఇదే. 'అమ్మకి పెట్టెలోంచి చీర' అనగానే తెలుగువాడి మనసు తీయడం దగ్గరికో ఇవ్వడం దగ్గరికో సగం దూరం వెళ్లిపోయి ఉంటుంది. ఇబ్బంది వచ్చేది క్రియ ఆలస్యమైనప్పుడు కాదు, క్రియ కోసం కాచుక్కూచున్న పేర్లు ఎక్కువైనప్పుడు.

హిరోకో యమషిత, ఫ్రాంక్లిన్ చాంగ్ 2001లో జపనీస్ మీద చేసిన పరిశోధన మన పత్రికల డెస్కుల్లో అతికించుకోవాల్సినంత పనికొచ్చేది. ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు వాక్యంలో బరువైన, పొడుగాటి భాగాన్ని చివరికి నెడతారు. క్రియతో ముగిసే జపనీస్‌లో మనుషులు దానికి సరిగ్గా ఎదురు చేస్తారు. పొడుగు ముందు, పొట్టి తర్వాత. తెలుగూ ఆ కుదుటిదే. నోటితో చెప్పేటప్పుడు మనమూ అంతే: "నిన్న బస్టాండులో కనబడ్డ ఆ పొడుగాటాయన్ని మా బావ గుర్తుపట్టాడు" అంటాం. 'మా బావ'ను మొదట నిలబెట్టి పది మాటల తర్వాత గుర్తుపట్టించం.

రాసేటప్పుడు మాత్రం ఆ ఇంగితం పోతుంది. అందుకు ఒక కారణం అనువాదం. ఇంగ్లిషు వార్తా ఏజెన్సీ కాపీలో 'ఫలానా మంత్రి అన్నారు' అన్నది ముందుంటుంది. దాన్ని ఉన్న వరసలోనే తెలుగులోకి దించితే మంత్రిగారు వాక్యం మొదట్లో నిలబడతారు, 'అన్నారు' నాలుగో లైనులో వస్తుంది. మధ్యలో జిల్లా, సమీక్షా సమావేశం, ప్రతిపక్షం, పథకం అన్నీ ఊరేగుతాయి. 'చేసినవాణ్ని ముందు చెప్పు' అన్న ఇంగ్లిషు పాఠాన్ని తెలుగులో గుడ్డిగా పాటిస్తే వాక్యం స్పష్టం కాకపోగా మరింత చిక్కుపడుతుంది. స్పష్టత మీద మనం చదివే సలహాల్లో చాలా భాగం ఇంగ్లిషు వాక్యానికి కొలతలు తీసి కుట్టినవి. వాటి వెనకున్న సూత్రాన్ని తీసుకోవాలి. సూత్రం ఒకటే: చేసినవాణ్నీ చేసినదాన్నీ విడదీయకు. ఇంగ్లిషులో అందుకు రెంటినీ ముందుకు తెస్తారు, మనం రెంటినీ చివరికి తీసుకెళ్లాలి.

కొన్నిసార్లు చేసినవాడే ఉండడు. 'పరిశీలించడం జరిగింది', 'చర్యలు తీసుకోవడం జరుగుతుంది'. ఎవరు పరిశీలించారు, ఎవరు తీసుకుంటారు? తెలుగు క్రియకు ఒక వరం ఉంది. చూశాను, చూశాం, చూశారు, చూసింది అంటూ తోకలోనే మనిషిని మోస్తుంది. 'చూడటం జరిగింది' అనగానే ఆ వరాన్ని వదిలేసుకుంటాం. చదివేవాడు మాటల్ని దాచుకోడు, వాటితో మనసులో ఒక దృశ్యం కట్టుకుంటాడని చదవడాన్ని పరిశోధించినవాళ్లు చెబుతారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవి ఆ దృశ్యానికి గుంజలు. 'జరిగింది' అన్న వాక్యంలో మనిషి ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ అమాయకంగా ఏర్పడిందని ప్రతిసారీ నమ్మనక్కర్లేదు.

మంత్రంలా వినిపించాలి

2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఒక అద్దె ఇంటి వివాదం వచ్చింది. జస్టిస్ మదన్ బి. లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తాల ధర్మాసనం హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు తీర్పును పక్కనపెట్టి, కేసును మళ్లీ విచారించమని వెనక్కి పంపింది. తీర్పు న్యాయమా కాదా అన్నదాకా వాళ్లు వెళ్లనే లేదు. అందులో ఏం రాశారో అర్థం కావడం లేదన్నదే కారణం. దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టులో కూర్చున్న న్యాయమూర్తులకే అర్థం కానిది ఇంటి యజమానికీ అద్దెకున్నవాడికీ ఏం అర్థమై ఉంటుంది?

చట్టం లోతైన విషయం కాబట్టి దాని భాషా అలాగే ఉంటుందని సర్దిచెప్పుకుంటాం. ఎరిక్ మార్టినెజ్, ఫ్రాన్సిస్ మోలికా, గిబ్సన్ కలిసి 2022లో ఆ మాటను పరీక్షకు పెట్టారు. ఒప్పంద పత్రాల భాషను పత్రికలు, ఇతర రచనల భాషతో పోల్చారు. పత్రాల్లో వాక్యం నడుమ వాక్యం ఇరికించడం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. తర్వాత అదే విషయాన్ని రెండు రకాలుగా రాసి జనం చేత చదివించారు. మెలికల రాత తక్కువ అర్థమైంది, తక్కువ గుర్తుంది; జ్ఞాపకానికి అన్నిటికంటే ఎక్కువ అడ్డుపడింది ఆ ఇరికింపే. చట్టంలోని భావనల లోతును నిందించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, రాతలోనే లోపం. మరుసటి ఏడాది లాయర్ల మీదే ప్రయోగం చేశారు. వాళ్లకూ మెలికల పత్రం కష్టంగానే ఉంది. సాదాగా రాసినదాన్నే ఇష్టపడ్డారు, కోర్టులో అది కూడా అంతే గట్టిగా నిలుస్తుందన్నారు.

మరి ఎవరికీ నచ్చనిది ఎందుకు బతికుంది? 2024లో ఇదే బృందం న్యాయశాస్త్రం తెలియని మామూలు జనానికి ఒక పని ఇచ్చింది. తాగి బండి నడపడం, దొంగతనం లాంటి నేరాల్ని నిషేధిస్తూ చట్టం రాయమన్నారు. అవే నేరాల మీద కథ కూడా రాయమన్నారు. కథలు మామూలు భాషలో వచ్చాయి. చట్టం దగ్గరికి వచ్చేసరికి ఆ మామూలు మనుషులే వాక్యాల నడుమ వాక్యాలు ఇరికించారు. పరిశోధకులు దీన్ని మంత్రంతో పోల్చారు. మాట వింతగా ఉంటేనే దానికి శక్తి ఉన్నట్టు తోస్తుందట. మనకిది వేరే చెప్పక్కర్లేదు. 'ఇందుమూలముగా యావన్మందికి' అన్నప్పుడు ఆ మాట చేసే పని అర్థం చెప్పడం కాదు, డప్పు కొట్టడం. డప్పు కొట్టడం తప్పు కాదు. డప్పు ఆగాక కూడా సంగతి చెప్పకపోవడమే తప్పు.

మన మొదటి నోటీసును విప్పి చూద్దాం. "మీ దరఖాస్తును ఇంతకుముందు తిరస్కరించామా? మీకు అర్హత ఉండి, అడిగిన పత్రాలు గడువులోగా ఇచ్చి ఉంటే మళ్లీ పరిశీలిస్తాం. గడువులోగా ఇవ్వనివారి దరఖాస్తులు తీసుకోం." ఇలా రాయగానే ఒక తమాషా జరుగుతుంది. ఏ గడువు? అయిపోయిందా, ఇంకా ఉందా? ఏ పత్రాలు? మొదటి వాక్యంలో ఈ ప్రశ్నలు ఎవరికీ తట్టలేదు. అంత వరకూ వెళ్లే ఓపిక మిగల్లేదు మరి. మెలికపడ్డ వాక్యం తన లోపాన్ని తనే కప్పుకుంటుంది. రాసిన గుమస్తాకు కూడా అది కనబడకుండా కప్పుకుంటుంది.

విషయం: గురించి

1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్షియా జాన్సన్ ఒక విచిత్రమైన పేరా తయారుచేశారు. వస్తువుల్ని వేర్వేరు గుంపులుగా చేయాలి, ఒకేసారి మరీ ఎక్కువ పెట్టుకోకూడదు, సదుపాయం లేకపోతే వేరే చోటికి వెళ్లాలి అనే ధోరణిలో సాగుతుంది. ప్రతి వాక్యమూ తేలికే, మొత్తం కలిపితే ఏమీ కాదు. ఇది బట్టలు ఉతకడం గురించి అని ముందే చెప్పినవాళ్లకు బాగా అర్థమైంది, ఎక్కువ గుర్తుంది. ఏమీ చెప్పనివాళ్లు తెల్లబోయారు. అసలు సంగతి మూడో గుంపుది. వాళ్లకు పేరా చదివాక శీర్షిక చెప్పారు. దానివల్ల లాభం దాదాపు సున్నా. చదివే సమయంలో తలలో చట్రం లేకపోతే మాటలు నిలవవు. తర్వాత చట్రం తెచ్చిచ్చినా ఏరుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు.

మన ప్రభుత్వ ఉత్తరాల్లో 'విషయం' అనే గడి ఉంటుంది. పెట్టినవారెవరో గానీ చదివేవాడి మనసెరిగినవారు. ఆ గడిని ఇవాళ ఎలా నింపుతున్నామో చూడండి. శాఖ పేరు, గీత, విభాగం పేరు, గీత, పథకం పేరు, గీత, 'తదుపరి ఆదేశాలు జారీ చేయుట – గురించి'. ఇన్ని గీతలు దాటాక కూడా, ఉత్తరం నన్ను డబ్బు కట్టమంటోందా, కాగితం తెమ్మంటోందా, ఊరికే తెలుసుకోమంటోందా అన్నది తేలదు. పత్రికలేమీ తక్కువ తినలేదు. సస్పెన్స్ ఇంట్రో పెట్టి, నాలుగో పేరాలో గానీ సంగతి చెప్పని కథనాలు మా అనుబంధాల్లోనే కొల్లలు.

శీర్షిక మొత్తం కాగితానికి చేసే పనిని, ప్రతి వాక్యంలో మొదటి మాట చేస్తుంది. సుసాన్ హావిలాండ్, హెర్బర్ట్ క్లార్క్ 1974లో చూపించింది ఇదే. వాక్యంలో తెలిసిన సంగతికి వెనకటి వాక్యంలో స్పష్టమైన కొక్కెం ఉంటే పాఠకుడు త్వరగా చదువుతాడు. లేకపోతే మధ్యలో వంతెన తనే కట్టుకోవాలి, దానికి సమయం పడుతుంది. తెలిసినది ముందు, కొత్తది తర్వాత. తెలుగులో కొత్తదానికి ఉన్న సింహాసనం క్రియకు ఆనుకుని ముందున్న చోటు. 'నెహ్రూ 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు' అన్నది నెహ్రూ పర్యటనల మీద వ్యాసంలో ఇముడుతుంది. వ్యాసం ప్రాజెక్టు గురించైతే 'నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు' అనాలి. తేదీయే ముఖ్యమైతే, దాన్ని క్రియ కూడా దాటించి, 'సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న'. మూడూ ఒప్పే, మూడూ నిజమే. మాటల వరసను ఇంత స్వేచ్ఛగా మార్చుకోనిచ్చే భాష చేతిలో ఉండి, అన్ని వాక్యాల్నీ ఒకే మూసలో పోసేవాడు పిసినారి.

పెద్ద మాట, పెద్దరికం

భాష మీద మనవాళ్లు పోరాడినంతగా పోరాడినవాళ్లు తక్కువ. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పడానికి పాటుపడ్డాడు. పుస్తకాల తెలుగుకూ జనం తెలుగుకూ ఇంత తేడా ఎందుకని పాఠశాలల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ అడిగిన ప్రశ్న ఆ బడిపంతుల్ని ఉద్యమకారుణ్ని చేసింది. 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలమెక్కి, 1897లో అచ్చయి, జనం నోటి తెలుగుతో ఏం చేయవచ్చో అప్పటికే చూపించింది. దాన్ని రాసిన గురజాడ 1914లో, పుస్తకాల తెలుగునే రుద్దడాన్ని వ్యతిరేకిస్తూ తన అసమ్మతి పత్రం రాశారు. గిడుగు పుట్టిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు సభల ఆహ్వాన పత్రికల్లోని తెలుగు చదివితే ఆయన నవ్వేవాడో ఏడ్చేవాడో!

గ్రాంథికం పోయింది, గందరగోళం పోలేదు. వ్యావహారికం గెలిచింది క్రియల రూపాల్లో, మాటల్లో. వాక్యం కట్టే పద్ధతి దాకా ఆ గెలుపు పూర్తిగా రాలేదని నా అభిప్రాయం. 'చేయుచున్నాడు' పోయి 'చేస్తున్నాడు' వచ్చింది. కానీ ఆ 'చేస్తున్నాడు'కు ముందు నలభై మాటలు పేరుకున్నాయి.

పెద్ద మాటల మోజు సంగతి కూడా ప్రయోగశాలకు వెళ్లింది. డానియల్ ఓపెన్‌హైమర్ 2006లో విద్యార్థుల వ్యాసాలు తీసుకుని, వాటిలో చిన్న మాటల్ని తీసేసి అదే అర్థమిచ్చే పొడుగు మాటలు పెట్టి చదివించాడు. డెకార్ట్ తత్వగ్రంథానికి ఉన్న రెండు ఇంగ్లిషు అనువాదాల్ని, ఒకటి తేలిక, ఒకటి జటిలం, పక్కపక్కన పెట్టి చూశాడు. భాష జటిలమైనకొద్దీ రాసినవాడి తెలివి మీద పాఠకుడి అంచనా పడిపోయింది. మనం అనుకునేదానికి పూర్తిగా వ్యతిరేకం. ఆ పరిశోధన పత్రానికి ఆయన కావాలనే నోరు తిరగని శీర్షిక పెట్టాడు. ఆ ఏడు సాహిత్యంలో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి కొట్టేశాడు.

అలాగని ప్రతి పెద్ద మాటా నేరస్తురాలు కాదు. ఓపెన్‌హైమర్ తప్పుపట్టింది అక్కర లేకుండా వాడిన మాటను. 'కిరణజన్య సంయోగక్రియ' తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడికి ఒకే ముక్క. దాన్ని 'ఎండతో ఆకులు తిండి చేసుకోవడం' అని ప్రతిసారీ విడగొడితే అతని నెత్తిన బరువు పెరుగుతుందే గానీ తగ్గదు.

చిన్న వాక్యాల మతం మీద కూడా ఒక మాట. పొడుగు వాక్యాన్ని నరికేస్తే చాలనుకునేవాళ్లు నరికేటప్పుడు 'కాబట్టి', 'అయినా', 'ఎందుకంటే' అన్న నరాల్ని కూడా తెంపేస్తారు. డానియెల్ మెక్‌నమారా, వాల్టర్ కించ్ బృందం 1996లో గుండె జబ్బు మీద ఒకే పాఠాన్ని సంబంధాలు విప్పి చెబుతూ, చెప్పకుండా, వేర్వేరు రకాలుగా రాసి చదివించింది. విషయం తెలియనివాళ్లకు సంబంధాలు విప్పి చెప్పిన పాఠమే పనికొచ్చింది, అది పొడుగైనా సరే. విషయం బాగా తెలిసినవాళ్లు మాత్రం ఖాళీలున్న పాఠం నుంచే లోతుగా నేర్చుకున్నారు. ఖాళీలు పూరించే పని వాళ్ల బుర్రను మేల్కొలిపింది. కాబట్టి 'స్పష్టమైన రచన' అనేది గాలిలో ఉండదు. ఎవరికి స్పష్టం అన్నది ముందు తేలాలి.

తలలో పాట

ఎవరికి అన్నది తేల్చుకోవడమే అన్నిటికంటే కష్టం. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని తన పీహెచ్‌డీ కోసం కొందరికి అందరూ ఎరిగిన పాటల జాబితా ఇచ్చింది. ఒక పాట ఎంచుకుని బల్ల మీద వేళ్లతో దరువు వేయాలి, ఎదుటివారు పాటేదో చెప్పాలి. దరువు వేసేవాళ్లు సగం పాటలైనా పోల్చుకుంటారని అంచనా వేశారు. మొత్తం 120 పాటలకు దరువు వేస్తే ఎదుటివారు పోల్చుకున్నవి మూడు. దరువు వేసేవాడి తలలో వాద్యాలతో సహా పాట మోగుతోంది. ఎదుటివాడికి వినబడేది టకటక మాత్రమే.

ఈ గుడ్డితనానికి కోలిన్ కామెరర్, జార్జ్ లోవెన్‌స్టైన్, మార్టిన్ వెబర్ అనే ఆర్థికవేత్తలు 1989లోనే 'జ్ఞాన శాపం' అని పేరు పెట్టారు. తెలిసినదాన్ని తెలియనట్టు ఊహించుకోవడం మనిషికి దాదాపు చేతకాదు. స్టీవెన్ పింకర్ 2014లో రచన మీద తెచ్చిన పుస్తకంలో, మంచివాళ్లు కూడా అర్థం కాకుండా రాయడానికి అసలు కారణం ఇదేనని ఒక అధ్యాయమంతా వాదించాడు. జనాన్ని కావాలని తికమకపెట్టే గుమస్తాలు, గొప్ప కోసం పెద్ద మాటలు పేర్చే ప్రొఫెసర్లు ఉన్నారు. కానీ తాను దరువు వేస్తున్నానని తెలియకుండా వేసేవాళ్ల సంఖ్యతో పోలిస్తే వాళ్లెంత!

దీనికి కట్టే వెల డబ్బూ కాలమే కాదు, ఒక్కోసారి ఆరోగ్యం కూడా. 2006లో టెర్రీ డేవిస్ బృందం అమెరికాలో 395 మంది రోగులకు మందు సీసాల మీది చీటీలు చూపించింది. ఒక చీటీ మీద, రోజుకు రెండుసార్లు రెండేసి మాత్రలు వేసుకోవాలని ఉంది. చదువు తక్కువున్న రోగుల్లో నూటికి 71 మంది దాన్ని తడబడకుండా చదివి చెప్పారు. అయితే రోజుకు ఎన్ని మాత్రలో లెక్కపెట్టి చూపించమంటే నాలుగు తీసినవారు నూటికి 35 మందే. చదవడం వేరు, చేయగలగడం వేరు. 'ఉదయం 2, రాత్రి 2' అని రాస్తే ఆ గుణకారం రోగి నెత్తిన పడదు.

మరి ఏం చేయాలి? పాఠకుడి స్థానంలో నిలబడి ఆలోచించు అంటారు. వినడానికి బాగుంటుంది, పనిచేయదు. తాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ఏకంగా 25 ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు. ఎదుటివారి మనసులో ఏముందో చెప్పమని, వారి కళ్లతో చూడమని జనాన్ని ప్రోత్సహించారు. అంచనాలు మెరుగుపడలేదు. నేరుగా ఎదుటివారిని అడిగి తెలుసుకున్నప్పుడు మాత్రం మెరుగుపడ్డాయి. ఇది రాసేవాళ్లకు కాస్త అవమానకరమైన వార్త. ఎంత సహృదయంతో ఊహించినా, కుర్చీలో కూచుని చేసే ఊహ ఒక్క మనిషిని అడిగినదానికి సాటిరాదు.

అడగడానికీ ఒక పద్ధతుంది. "అర్థమైందా?" అని అడగకూడదు. డాక్టరు అడిగినా, పంతులు అడిగినా, ఆఫీసరు అడిగినా మన దగ్గర దానికి ఒకటే జవాబు: "అర్థమైందండీ." అర్థం కాలేదనడం తనకు తక్కువని ఒకరు, ఎదుటివారి పెద్దరికానికి తక్కువని ఇంకొకరు అనుకుంటారు. వైద్యంలో ఇప్పుడు నేర్పుతున్న పద్ధతి వేరు. రోగికి చెప్పాల్సింది చెప్పాక, "ఇంటికెళ్లాక ఈ మందులు ఎలా వేసుకుంటారో ఒకసారి నాకు చెప్పండమ్మా" అంటారు. ఆమె తప్పు చెబితే తప్పు తన వివరణలో ఉందని డాక్టరు మళ్లీ మొదలుపెడతాడు. నోటీసుకూ ఇదే పరీక్ష పెట్టొచ్చు. ఖర్చేమీ లేదు. కార్యాలయంలో పనిచేయని నలుగురికి కాగితం ఇచ్చి, "ఇది చదివారు కదా, రేపు పొద్దున మీరేం చేస్తారు?" అని అడగాలి. నలుగురూ నాలుగు పనులు చెబితే, అచ్చుకు పంపకముందే అది తెలిసినట్టు. కాకపోతే ఆ నలుగురూ కాగితం చదువుతున్నంతసేపూ రాసినవాడు నోరు తెరిచి "అంటే దానర్థం ఏమిటంటే" అని అందుకోకూడదు. గోడకు అంటించాక ఎలాగూ అతను పక్కన ఉండడు.